నిన్న కనబడలేదే? అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్ల కూడిక మొదలుపెట్టి నిలబెట్టే పద్ధతి

ఊళ్లో ఇంటికి తాళం వేసి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో పిల్లల ఫ్లాట్‌కి వచ్చేసిన అమ్మానాన్నలకు తిండికి లోటుండదు, మందులకు లోటుండదు. కొడుకూ కోడలూ ఆఫీసుకీ, పిల్లలు బడికీ వెళ్లాక సాయంత్రం దాకా పలకరించే మనిషే ఉండడు. ఊళ్లో అయితే పాలకేంద్రం దగ్గర ఒకరు, చెట్టు కింద అరుగు మీద నలుగురు. రెండు రోజులు బయటికి రాకపోతే "ఏం బాబాయ్, నిన్న కనబడలేదే?" అని ఇంటికే వచ్చి అడుగుతారు. నగరంలో మనవాళ్లు పోగొట్టుకున్నది ముఖ్యంగా ఆ ప్రశ్ననే అని నేను నమ్ముతాను.

అందుకే ఈ వ్యాసంలో కూడిక అన్నప్పుడల్లా నా లెక్క ఒక్కటే. ఒక మనిషి రాకపోతే మర్నాటికల్లా ఎవరో ఒకరు అడగాలి. టీలు, ఆటలు, భజనలు, పుట్టినరోజు కేకులు అన్నీ ఆ అడిగే అలవాటు పుట్టడానికి సాయపడేవే. అవి ఎన్ని ఉన్నా ఆ అలవాటు లేకపోతే జనం పోగయ్యారు గానీ కూడిక ఏర్పడలేదన్నమాట.

## ఇది కాలక్షేపం కాదు, ఆరోగ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మనుషుల మధ్య సంబంధాల మీద ప్రత్యేకంగా ఒక కమిషన్ వేసింది. 2025 జూన్‌లో వచ్చిన దాని నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా దాదాపు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని అంచనా వేశారు. ఇది ముసలితనపు సమస్య మాత్రమే కాదని, యువతలోనూ ఎక్కువగానే ఉందని కూడా అందులో ఉంది.

దీనికంటే ముందే, 2010లో, జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం 148 అధ్యయనాలను కలిపి చూసింది. అందులో ఉన్నవాళ్లు మూడు లక్షల మందికి పైనే. బంధాలు గట్టిగా ఉన్నవాళ్లు ఆ అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే 50 శాతం ఎక్కువని తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే నలుగురిలోకి ఎక్కువ వెళ్తారు కాబట్టి ఈ అంకెను మందు చీటీలా చదవకూడదు. కానీ ఇంత మందిలో, ఇన్ని దేశాల్లో ఒకే దిశగా కనబడిన విషయాన్ని పక్కన పెట్టలేం. మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాల్లో మనం మార్చగలిగినవి 14 ఉన్నాయని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో చెప్పింది. ఎవరితోనూ కలవకుండా ఉండిపోవడం అందులో ఒకటి. వినికిడి తగ్గడం ఇంకొకటి. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎలా పెంచుతాయో తర్వాత చెబుతాను.

ఇంట్లో చూస్తే దీని పనితీరు మామూలుగానే అర్థమవుతుంది. ఒక్కరికే అయితే వంట చేసుకోబుద్ధి కాదు, పెరుగన్నంతో సరిపెడతారు. బయటికి వెళ్లే పని లేకపోతే నడక ఉండదు. నడక లేకపోతే నిద్ర పట్టదు. బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగేవాళ్లు లేకపోతే ఒక రోజు మర్చిపోతారు, మరో రోజు రెండుసార్లు వేసుకుంటారు. చిన్న దిగులును పంచుకునే మనిషి లేకపోతే అది రాత్రంతా బుర్రలో తిరుగుతుంది.

ఇలాంటి పనికి పెద్ద చదువులు అక్కర్లేదని చూపించిన ఉదాహరణలు నాకు రెండు బాగా ఇష్టం. జింబాబ్వే రాజధాని హరారేలో 2006లో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 14 మంది అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి ఆసుపత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టారు. దిగులుతో వచ్చినవాళ్ల మాట వినడం, సమస్యను విడదీసి ఒక్కో ముక్కనూ ఎలా పరిష్కరించాలో కలిసి ఆలోచించడం వాళ్ల పని. ఈ పద్ధతిని పరీక్షించి 2016లో ప్రచురించిన ఫలితాల్లో, బెంచీ దగ్గరికి వచ్చినవాళ్లలో ఆరు నెలల తర్వాత దిగులు లక్షణాలు మామూలు వైద్యం అందినవాళ్లలో కంటే బాగా తగ్గాయి. 

రెండోది మన నెల్లూరు జిల్లాది. దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి పూట అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఆ కూర్చోవడంలోనే తమ ఇళ్ల సంగతులు బయటికొచ్చాయి, సారా సంగతి వచ్చింది. రోశమ్మ లాంటి ఆడవాళ్లు ముందు నడిస్తే 1992లో సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. రోజూ ఒకే చోట, ఒకే వేళకి కూర్చోవడం నుంచి ఎంత బలం వస్తుందో చెప్పడానికి దీనికి మించిన తెలుగు ఉదాహరణ నాకు తెలియదు.

## 1. ముందు రెండు వారాలు ఊరికే చూడండి

వెంటనే నోటీసు అంటించకండి. మీ అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లు ఎవరు, ఎక్కడ, ఏ వేళకి కనబడతారో గమనించండి. పొద్దున నడకకు వెళ్లే బ్యాచ్ ఎలాగూ కనబడుతుంది. వాళ్లకి మీ అవసరం అంతగా లేదు. బాల్కనీలో గంటలకొద్దీ నిలబడే పెద్దాయన, స్కూల్ బస్సు దగ్గరికి మాత్రమే కిందికి వచ్చి మనవడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయే అమ్మమ్మ, మోకాళ్ల నొప్పితో లిఫ్ట్ దాకా కూడా రాని ఆవిడ, వీళ్ల కోసం ఈ పని.

వీళ్ల సంగతి అసోసియేషన్ ప్రెసిడెంట్‌కు తెలియకపోవచ్చు. వాచ్‌మన్ భార్యకు, ఇస్త్రీ బండి ఆయనకు, పాలు వేసే అబ్బాయికి తెలుస్తుంది. వాళ్లను అడగండి.

ఒక్కరే ఉండటం, ఒంటరిగా ఉండటం వేరువేరు. ఒక్కరే ఉండి పూజ, పుస్తకాలు, మొక్కలతో హాయిగా ఉన్నవాళ్లను బలవంతంగా లాక్కురావద్దు. నిండు ఇంట్లో ఉండి కూడా ఒంటరిగా ఉన్నవాళ్లుంటారు. తేడా తెలుసుకోవడానికి పరిశోధకులు వాడే మూడు ప్రశ్నలున్నాయి: తోడు లేదని ఎంత తరచుగా అనిపిస్తుంది? మిమ్మల్ని పక్కన పెట్టేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది? అందరికీ దూరమైపోయానని ఎంత తరచుగా అనిపిస్తుంది? ఎప్పుడో గానీ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఈ మూడింటిలో ఒక జవాబు. కాగితం పట్టుకుని ఇంటర్వ్యూ చేసినట్టు అడగకండి. మాటల్లో మాటగా రానివ్వండి.

## 2. మొదట ముగ్గురు దొరికితే చాలు

ముప్పై మందికి వాట్సాప్ పెడితే ముప్పై బొటనవేళ్లు వస్తాయి, మనుషులు రారు. ముగ్గురితో మొదలుపెట్టండి. వాళ్లలో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి తప్పకుండా ఉండాలి. లేకపోతే అది ఆడవాళ్ల పేరంటంగానో మగవాళ్ల పేకాటగానో స్థిరపడిపోతుంది, తర్వాత మార్చడం కష్టం. మూడో మనిషి నలుగురితో తేలిగ్గా కలిసిపోయేవారై ఉండాలి. పెద్ద ఉద్యోగం చేసి రిటైర్ అయిన హోదా ఇక్కడ అంత పనికి రాదు. ఇంకా చెప్పాలంటే ఆఫీసర్‌గిరీ వదలని మనిషి చేతిలో మొదట్లోనే పగ్గాలు పెడితే మిగతావాళ్లు సబార్డినేట్లు అయిపోతారు.

పిలవడానికి తలుపు తట్టి వెళ్లండి. ఏం అంటున్నారన్నది చాలా ముఖ్యం. "ఒంటరిగా ఉంటున్నారుగా, కిందికి రండి" అని ఎప్పుడూ అనొద్దు. ఆ మాటతో ఎవరైనా ముడుచుకుపోతారు. సాయం చేస్తామని కాకుండా సాయం కావాలని వెళ్లండి. "పిన్నిగారూ, మంగళవారం నాలుగున్నరకి కింద నలుగురం కూర్చుంటున్నాం. మీరు గోంగూర నిల్వపచ్చడి బాగా పెడతారట. మా కోడళ్లకి కొలతలు తెలియట్లేదు, వచ్చి చెప్పాలి." ఇలా పిలిస్తే వచ్చేవాళ్లు ఎక్కువ. మొదటిసారి మీరే వెళ్లి వెంటబెట్టుకుని తీసుకురండి. లిఫ్ట్ దిగి కొత్త మనుషుల మధ్యకు ఒక్కరే నడిచి రావడం డెబ్బై ఏళ్ల మనిషికి చిన్న విషయం కాదు.

రానంటే నవ్వి వచ్చేయండి. మళ్లీ వారం మళ్లీ అడగండి. రెండు మూడుసార్లు వద్దన్నవాళ్లే తర్వాత అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేయడం చూశాను. వద్దు అనడం మనవాళ్లకి చాలాసార్లు మర్యాద.

## 3. చోటు, వేళ, కుర్చీలు

ఒకే చోటు, వారంలో ఒకే రోజు, ఒకే వేళ. ఇది మారకూడదు. "ఈ వారం శుక్రవారం పెట్టుకుందాం, వచ్చే వారం చూద్దాం" అన్న రోజు నుంచి కూడిక సన్నబడటం మొదలవుతుంది. పొదుపు సంఘాల అక్కలకు ఇది బాగా తెలుసు. వాళ్ల పంచసూత్రాల్లో మొట్టమొదటిది క్రమం తప్పని సమావేశం. పొదుపు, అప్పు, వసూలు, పుస్తకాలు అన్నీ దాని తర్వాతే. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో లక్షల సంఘాలు ఇన్నేళ్లుగా నిలబడ్డాయంటే, సంఘంలో పది పదిహేను మందే ఉండటం, గుండ్రంగా కూర్చోవడం, తేదీ తప్పకపోవడం అందులో పెద్ద భాగం.

వేళ నిర్ణయించే ముందు ఆడవాళ్లను అడగండి. మగవాళ్లకు ఏ వేళైనా ఖాళీయే. అమ్మమ్మలకు మాత్రం స్కూల్ బస్సు వేళ, మనవల టిఫిన్ వేళ, సాయంత్రం దీపం వేళ, వంట వేళ ఉంటాయి. వీటి మధ్య దొరికే గంటన్నరే మీ వేళ. ఎండాకాలంలో అరగంట ఆలస్యంగా మొదలుపెట్టాల్సి వస్తుంది, అది ఉగాదికి ముందే చెప్పేయండి.

చోటుకి మూడు పరీక్షలు. మెట్లు ఎక్కనక్కర్లేకుండా రావాలి. దగ్గర్లో బాత్రూమ్ ఉండాలి. మాట వినబడాలి. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. సెల్లార్‌లో కూర్చుంటే మాట మార్మోగుతుంది, కార్లు వస్తూపోతూ ఉంటాయి. వినికిడి తగ్గినవాళ్లు పది నిమిషాలు ప్రయత్నించి నవ్వుతూ ఊరుకుంటారు. రెండో వారం నుంచి రారు. "ఆయనకి నలుగురితో కలవడం ఇష్టం ఉండదు" అని మనం అనేసుకుంటాం. వినబడక మానేశారన్న సంగతి ఎవరికీ తోచదు. అందుకని అలాంటివాళ్లను గోడకు వీపు ఉండేలా, మాట్లాడేవాళ్ల ముఖం కనబడేలా కూర్చోబెట్టండి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడకూడదని మొదటి రోజే అనుకోండి. చెవి పరీక్ష చేయించమని వాళ్ల పిల్లలకు మెల్లగా చెప్పండి.

కుర్చీలు గుండ్రంగా వేయండి. వరసలు వేస్తే అది సభ అవుతుంది, ఎవరో ఒకరు మైకు అడుగుతారు. చేతులున్న కుర్చీలైతే మోకాళ్ల నొప్పులవాళ్లు పట్టుకుని లేవగలుగుతారు. క్లబ్ హౌస్ వాడుకోవాలంటే అసోసియేషన్‌తో ముందే మాట్లాడి, వారంలో ఆ వేళ మీదని రాయించుకోండి.

## 4. మొదటి రోజు

మన అపార్ట్‌మెంట్‌లలో పెద్దవాళ్లకు పేర్లు పోతాయి. "మూడొందల రెండు వాళ్ల నాన్నగారు", "చిన్నూ వాళ్ల నానమ్మ" అయిపోతారు. మొదటి రోజు చేయాల్సిన పని ఆ పేర్లు తిరిగి తేవడం. ప్రతి ఒక్కరూ తమ పేరు, ఊరు, ఊళ్లో తమను ఏమని పిలిచేవారో చెప్పాలి. ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలో కూడా అప్పుడే తేలిపోతుంది. గుంటూరు వైపు నుంచి వచ్చినావిడ "వదినగారూ" అంటారు, వరంగల్ నుంచి వచ్చినాయన "అక్కా" అంటారు. వరస కలిపేస్తే సగం బెరుకు పోతుంది.

ఊరి పేరు వచ్చిందంటే ఇక మాటలు వాటంతట అవే నడుస్తాయి. మీ ఊరి సంత ఏ రోజు? మీ వైపు సంక్రాంతికి ఏం వండుతారు? మీ నీళ్లు కాలవవా, బావివా? పిల్లల ఉద్యోగాలు, జీతాలు, అమెరికా సంగతులు మొదటి నెలలో ఎంత తక్కువ వస్తే అంత మంచిది. అవి పోలికలు తెస్తాయి. పిల్లలు స్థిరపడని ఇంటివాళ్లు ఆ మాటల దగ్గరే తగ్గిపోతారు.

రోగాల గురించి మాట్లాడకూడదని నేను అనను. షుగర్, మోకాళ్లు, కళ్లజోడు వాళ్ల జీవితంలో భాగం. కాకపోతే వాటికి మొదటి పావుగంట ఇచ్చి తర్వాత ముందుకు వెళ్లండి. గంటంబావుకే ముగించండి. ఇంకాసేపు కూర్చుంటే బాగుండు అనిపించినప్పుడు లేస్తేనే మళ్లీ వారం వస్తారు.

స్నేహం కుదరడానికి తొందరపడొద్దు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాల్సి వస్తుంది. దగ్గరి స్నేహానికి 200 గంటలు దాటాలి. అది అమెరికాలో చేసిన లెక్కే అయినా దిశ చూపిస్తుంది. వారానికి గంటన్నర చొప్పున 50 గంటలకు ఎనిమిది నెలలు పడుతుంది. కాబట్టి మూడో నెలలో "ఇంకా ఎవరూ దగ్గర కాలేదే" అని టెన్షన్ పడకండి. తొందరగా కావాలంటే వారపు కూడికతో పాటు రోజూ ఇరవై నిమిషాలు కలిసి నడిచే జంటల్ని కుదర్చండి.

## 5. ప్రతి మనిషికీ ఒక పని

అతిథిగా వచ్చినవాళ్లు నాలుగుసార్లు వచ్చి మానేస్తారు. పని ఉన్నవాళ్లు వస్తూనే ఉంటారు. ఇదే నేను గట్టిగా నమ్మే రెండో విషయం. పెద్దవాళ్లను కూర్చోబెట్టి సేవ చేయడం మనకు గౌరవంగా కనిపిస్తుంది. వాళ్లకేమో "నా వల్ల ఇక ఏ ఉపయోగమూ లేదు" అన్న మాటకు అది సాక్ష్యంగా కనిపిస్తుంది.

పనులు చిన్నవే కావాలి, నిజమైనవి కావాలి. హాజరు పుస్తకం రాయడం ఒకరికి. టీ ఫ్లాస్కు తేవడం వంతులవారీగా. ఆ వారం పేపర్‌లో వచ్చిన ఒక వార్త చదివి వినిపించడం కళ్లు బాగున్నవారికి. కళ్లు సరిగా లేనివారికి పద్యమో పాటో కథో. లెక్కల మాస్టారుగా చేసినాయన దగ్గరికి అపార్ట్‌మెంట్‌లోని ఏడో తరగతి పిల్లలు ఇద్దరు వస్తే ఆయన వారమంతా సిద్ధమవుతారు. బ్యాంకులో పనిచేసినావిడ పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ఎలా ఇవ్వాలో నవంబర్‌లో అందరికీ చూపిస్తారు. ఓటీపీ మోసాలు, పోలీసులమంటూ "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించే ఫోన్లు వస్తే ఏం చేయాలో ఒక వారం మాట్లాడుకోండి. ఇలాంటి మోసగాళ్లు ముందు చెప్పేది ఎవరికీ చెప్పొద్దనే. చెప్పుకోవడానికి నలుగురున్న మనిషి ఆ ఉచ్చులో అంత తేలిగ్గా పడరు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్నది అందరికీ నోటికి రావాలి.

మగవాళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. భార్య పోయిన మగవాళ్లు చాలా త్వరగా ఒంటరైపోతారు. చుట్టరికాలు, పలకరింపులు, ఫోన్లు అన్నీ ఇన్నేళ్లూ ఆవిడే చూసుకుని ఉంటుంది. వీళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి "మీ మనసులో మాట చెప్పండి" అంటే చెప్పరు. చేతికి పని ఇవ్వండి, పని చేస్తూ మాట్లాడతారు. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి ఇదే ఆలోచనతో మగవాళ్ల షెడ్లు నడుస్తున్నాయి, అక్కడ వడ్రంగం చేస్తూ, పాత సామాన్లు బాగుచేస్తూ కబుర్లు చెప్పుకుంటారు. మన దగ్గర టెర్రస్ మీద కుండీల్లో తోటకూర, వంగ వేయమంటే చాలు. వ్యవసాయం చేసి వచ్చినాయన చేతికి మట్టి తగిలితే ఆయన ముఖమే మారిపోతుంది. పులి-మేక, అష్టాచెమ్మా, చదరంగం కూడా పనికొస్తాయి. పేకాటలో డబ్బు మాత్రం రానివ్వకండి.

## 6. రాని మనిషిని అడగడం

ఈ పని దానంతట అదే జరగదు, ఏర్పాటు చేయాలి. కూడికలో ఉన్నవాళ్లను ఇద్దరిద్దరుగా జత చేయండి, వీలైతే ఒకే ఫ్లోర్‌లో లేదా పక్క ఫ్లోర్‌లో ఉన్నవాళ్లను. ప్రతి జంట రోజూ పొద్దున ఒక వేళ అనుకుని ఒకరికొకరు మిస్డ్ కాల్ ఇచ్చుకోవాలి. మాట్లాడాలనిపిస్తే మాట్లాడతారు, లేదంటే రింగ్ చాలు.

రింగ్ రాకపోతే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. తిరిగి ఫోన్ చేయాలి. ఎత్తకపోతే వెళ్లి బెల్ కొట్టాలి. తలుపు తీయకపోతే వాచ్‌మన్‌ని పిలిచి, పిల్లలకు ఫోన్ చేయాలి. లోపల పడిపోయారన్న అనుమానం ఉంటే 108. ఇందుకోసం ప్రతి ఒక్కరి దగ్గర నుంచి ఒక కాగితం తీసుకోండి. దాని మీద పిల్లల నంబర్లు, వేసుకునే మందులు, పడని మందులు, ఎప్పుడూ చూపించుకునే డాక్టర్, అదనపు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఉండాలి. ఒక కాపీ వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద, ఒకటి జత మనిషి దగ్గర. ఈ వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎవరు ఒక్కరే ఉంటున్నారో ఊరందరికీ తెలియడం మంచిది కాదు.

వారపు కూడికకు రాకపోతే ఆ సాయంత్రమే జత మనిషి వెళ్లి చూడాలి. వెళ్లినప్పుడు "ఎందుకు రాలేదు?" అని సంజాయిషీ అడిగినట్టు ఉండకూడదు. "మీరు లేకపోతే ఆ కథ సగంలో ఆగిపోయింది" అంటే ఆవిడ లేని లోటు ఆవిడకు తెలుస్తుంది. ఊరెళ్లేవాళ్లు చెప్పి వెళ్లే అలవాటు చేసుకోవాలి. లేకపోతే రెండుసార్లు వృథాగా కంగారుపడ్డాక జనం అడగడమే మానేస్తారు.

హాజరు పుస్తకం ఇందుకే. అందులో మార్కులేం లేవు. వరసగా రెండు వారాలు ఎవరి పేరు ఎదురుగా ఖాళీ ఉందో చూసి ఆ ఇంటికి వెళ్లడానికి మాత్రమే దాన్ని తెరవాలి.

## 7. చెడగొట్టేవి

రాజకీయాలు, కులం, అమ్మకాలు. రాజకీయాలు మాట్లాడుకోవచ్చు గానీ కూడిక అయ్యాక మాట్లాడుకోమనండి. చిట్టీలు, ఇన్సూరెన్స్, ప్లాట్లు, బరువు తగ్గే పొడులు కూడికలో ఎవరూ ఎవరికీ అమ్మకూడదన్నది మొదటి రోజే చెప్పేయాలి, ఎంత మంచి మనిషి తెచ్చినా. డబ్బు గొడవ వచ్చిందంటే ఏళ్ల స్నేహం ఒక్క సాయంత్రంలో పోతుంది. టీ ఖర్చుకు తలా కొంచెం వేసుకుని, లెక్క అందరికీ కనబడేలా రాసి పెడితే చాలు. రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా ఇప్పుడే అక్కర్లేదు.

కులం ఎవరూ పైకి అనరు. వంటల దగ్గర, పిలుపుల దగ్గర, పక్కన కూర్చోవడం దగ్గర కనబడుతుంది. వంతుల్లో అందరి ఇంటి టీ అందరూ తాగే అలవాటు మొదటి నెలలోనే పడాలి. ఎవరైనా ఒకరి వంతును ప్రతిసారీ తప్పిస్తుంటే ఊరుకోకండి, విడిగా పిలిచి సూటిగా చెప్పండి. ఇంటి దేవుడు వేరైనవాళ్లున్న చోట కూడికను భజనతో మొదలుపెట్టకండి. భజన కావాలనుకునేవాళ్లు ఇంకో రోజు పెట్టుకోవచ్చు. అద్దెకున్నవాళ్లను, తెలుగు సరిగా రాని తమిళావిడనో మార్వాడీ పెద్దాయననో వదిలేయకండి. వాచ్‌మన్ తల్లి సెల్లార్ గదిలోనే ఉంటుంది, ఆవిడకూ ఒక కుర్చీ వేయండి. ఆ కుర్చీ మీద అభ్యంతరం వస్తే మీరు గట్టిగా నిలబడాల్సిన చోటు అదే.

వాట్సాప్ గ్రూపు కూడిక కబురు చెప్పుకోవడానికి మాత్రమే. గుడ్ మార్నింగ్ పూలు, ఫార్వర్డ్‌లు వద్దు. గ్రూపులో రోజంతా సందడిగా ఉంటే కలిసినట్టే అనిపిస్తుంది, కిందికి దిగడం తగ్గుతుంది.

కార్తీక వనభోజనాలు, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు తప్పకుండా చేసుకోండి. అవి అందరికీ ఉత్సాహం. అయితే ఏడాదికోసారి మూడొందల మంది భోంచేసిన చోట, ఆ తర్వాతి మంగళవారం ఆరుగురు కూర్చోకపోతే ఒంటరి మనిషికి ఒరిగిందేమీ లేదు.

## 8. మీ చేతిలో లేనివి

దుఃఖంలో ఉన్న ఇంటికి పదకొండో రోజు దాకా అందరూ వస్తారు. మనిషి అవసరం ఎక్కువయ్యేది ఆ తర్వాతే, చుట్టాలు వెళ్లిపోయాక. కూడిక నుంచి ఇద్దరు చొప్పున మూడు నెలల పాటు వారానికోసారి ఆ ఇంటికి వెళ్లి కూర్చోండి. ఓదార్చే మాటలు వెతుక్కోనక్కర్లేదు. పోయిన మనిషి పేరు పలకండి, వాళ్ల గురించి చెప్పనివ్వండి.

రెండు వారాలు దాటి తిండి, నిద్ర, స్నానం మీద ఆసక్తి పోతే, "నేనుండి ఏం లాభం" లాంటి మాటలు వస్తే, అది కూడికతో తీరే దిగులు కాదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కి రోజంతా ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనుందా అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగాక ఒక్కరినే వదిలి రాకండి. పెద్దవాళ్లను ఇంట్లో తిడుతున్నారనో కొడుతున్నారనో ఆస్తి రాయమని వేధిస్తున్నారనో తెలిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది. ఇంట్లోవాళ్లతో మీరే పంచాయితీకి దిగితే ఆ పెద్ద మనిషికి ఇంట్లో ఇంకా కష్టం కావచ్చు. ముందు ఆవిడకేం కావాలో ఆవిడనే అడగండి.

అమెరికా, ఆస్ట్రేలియాలకు ఆరు నెలల కోసం వెళ్లే తల్లిదండ్రుల గురించి ఒక్క మాట. అక్కడ రోడ్డు మీద మనిషే కనబడడు, కారు లేకపోతే కదలలేరు. పిల్లలు వీళ్లు రాకముందే దగ్గర్లో ఇంకో తెలుగు ఇంటి పెద్దవాళ్లను వెతికి, వారంలో రెండు రోజులు ఒకరింటికి ఒకరు దించే ఏర్పాటు చేసుకోవాలి. ఇక్కడి కూడికవాళ్లు కూడా ఆ ఆరు నెలలూ మంగళవారం ఒక వీడియో కాల్ చేసి అందరినీ చూపించాలి. తిరిగొచ్చేసరికి కుర్చీ అలాగే ఉంటుంది.

## 9. మీ చేతుల్లోంచి తీసేయండి

ఆరో నెలకల్లా మీరు లేకుండా ఒక వారం నడిచి తీరాలి. కావాలని ఒకసారి మానేసి చూడండి. ఎవరూ కుర్చీలు వేయకపోతే అది ఇంకా మీ సొంత కార్యక్రమమే, పనులు సరిగా పంచలేదని అర్థం. మూడు నెలలకోసారి బాధ్యత మారాలి, అడగనివాళ్లకు కూడా వంతు రావాలి. మొదట వచ్చిన ముగ్గురూ పెత్తనం వదలడం అన్నిటికంటే కష్టమైన పని, దానికి ముందు నుంచే సిద్ధపడండి.

సంఖ్య పదిహేను దాటితే రెండు చేయండి. పెరిగింది కదా అని ఒక్కటిగానే ఉంచితే మళ్లీ మాట వినబడనివాళ్లు, మాట్లాడలేనివాళ్లు వెనక వరసకి వెళ్లిపోతారు. విడదీసేటప్పుడు పాత స్నేహితులను విడదీయకండి, జంటల్ని జంటలుగానే పంపండి. పక్క బ్లాక్‌లో కొత్తది మొదలుపెడుతుంటే పాతవాళ్లలో ఇద్దరు మొదటి రెండు నెలలు అక్కడికి వెళ్లి కూర్చోవాలి. అక్కడ కూడా మళ్లీ ముగ్గురితోనే, తలుపు తట్టి పిలవడంతోనే మొదలుపెట్టాలి.